అన్ని దేశాల డిస్కులూ ఆడే ప్లేయరు మన ఇంటికి అవసరమా?

సంక్రాంతికో, ఇంట్లో శుభకార్యానికో విదేశాల నుంచి వచ్చే పిల్లలు పెద్దవాళ్ళకు ఏం తేవాలో తోచక తెచ్చే వస్తువులలో సినిమా డిస్కు ఒకటి. మామగారికి పాత ఇంగ్లీషు చిత్రాలంటే ప్రాణమని విని అల్లుడు ఒక పెట్టె నిండా కొని తెస్తాడు. రాత్రి భోజనాలైన తరువాత అందరూ చేరి డిస్కును ప్లేయరులో పెడితే తెరమీద బొమ్మ రాదు. ఈ ప్రాంతంలో ఈ డిస్కు ఆడదన్న ఒక్క వాక్యం మాత్రం ప్రత్యక్షమవుతుంది. డిస్కు చెడలేదు, ప్లేయరూ చెడలేదు. అయినా ఆట సాగదు. తెచ్చినవాడికి చిన్నతనం, తెప్పించుకున్నవారికి నిరాశ.

ఈ చిక్కు మన సంఘ సభ్యుల ఇళ్ళలో తరచుగా వినపడుతున్నది. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే ప్లేయర్లు ఉన్నవి. రీజియన్ ఫ్రీ ప్లేయర్లని దుకాణాలవాళ్ళు అంటారు. అటువంటిది కొనవచ్చునా, కొంటే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుందా అని అడిగేవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. మా అభిప్రాయం ముందే మనవి చేస్తాము. మన కుటుంబాలలో ఎక్కువమందికి అది అక్కరలేదు. అవసరమున్న కొద్దిమందికి మాత్రం నిజంగానే అవసరం, అందులోనూ ఇప్పుడు జాగు చేయరాని అవసరం. తాము ఏ కోవకు చెందుతారో ఎవరికి వారు తేల్చుకోవలసి ఉన్నది. అందుకు దుకాణంలోని సరుకును చూసి ప్రయోజనం లేదు, మన బీరువాలోని డిస్కులను చూడాలి.

ఈ అవస్థ సామాన్యులకే పరిమితం కాదు సుమా. 2009 మార్చిలో బ్రిటిష్ ప్రధానమంత్రి గార్డన్ బ్రౌన్ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు, అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆయనకు 25 ప్రసిద్ధ అమెరికన్ చిత్రాల డీవీడీలు బహూకరించారు. అవి అమెరికా ముద్రణలు కావడం వలన లండన్‌లోని ప్లేయరులో ఆడలేదని అప్పటి బ్రిటిష్ పత్రికలు పరిహాసంగా రాసినవి. రెండు పెద్ద ప్రభుత్వాల అధినేతల నడుమ చేతులు మారిన కానుకకే ఈ గతి పట్టినప్పుడు మన అల్లుడు తెచ్చిన పెట్టె సంగతి వేరే చెప్పాలా!

ఇంతకూ ఈ కట్టడి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? సినిమా వ్యాపారంతో కొద్దిపాటి పరిచయమున్న తెలుగువారికి ఇది వింతగా తోచదు. తెలుగు చిత్రం విడుదలైతే నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఉత్తరాంధ్ర ఒకరికి, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు తలా ఒకరికి అమ్ముతారు. సరిహద్దులు దాటి స్థిరపడిన మనకోసం కర్ణాటక హక్కులు వేరే, తమిళనాడు హక్కులు వేరే. ఒకరి ఏరియాలోకి మరొకరు చొరబడితే పంచాయితీ తప్పదు. హాలీవుడ్ కంపెనీలు ప్రపంచాన్ని అంతటినీ సరిగ్గా ఇట్లాగే ఏరియాలుగా పంచినవి. కాకపోతే మన పంపిణీదారులు కాగితం మీద రాసుకున్న హద్దును వారు డిస్కులోపలనే చెక్కించారు.

డీవీడీ 1996 నవంబరులో జపానులోను, 1997 మార్చిలో అమెరికాలోను బజారుకు వచ్చింది. ఆ రోజులలో అమెరికాలో ఆడిన చిత్రం ఇతర దేశాల హాళ్ళకు చేరడానికి నెలలు పట్టేది. చిత్రం లండన్‌లోనో బొంబాయిలోనో హాలుకు ఎక్కకముందే అమెరికా డిస్కు అక్కడి ఇళ్ళకు చేరితే టిక్కెట్టు కొనేవాడెవడు? ఈ భయంతో ప్రపంచాన్ని అంకెలుగా విభజించారు. అమెరికా, కెనడా 1. ఐరోపా, జపాను, పశ్చిమాసియా 2. సింగపూరు, మలేసియా మొదలైన ఆగ్నేయాసియా దేశాలు, హాంగ్‌కాంగు, తైవాను, దక్షిణ కొరియా 3. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, లాటిన్ అమెరికా 4. చైనాకు ఒక్కదానికే 6. విమానాలకూ ఓడలకూ 8. 7 ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టారు. మన దేశాన్ని రష్యాతోను, ఆఫ్రికా ఖండంలో చాలా భాగంతోను కలిపి 5వ పంక్తిలో కూర్చోబెట్టారు. భాషలో గాని, సినిమా అభిరుచిలో గాని ఈ పంక్తిలోని వారికి పొంతన ఏమిటని అడిగితే ఏమీ లేదు. అమెరికా చిత్రం ఆలస్యంగా వచ్చే దేశాలు అన్నదే వారి మధ్య బంధుత్వం.

పనితీరు చాలా సులువు. డిస్కులో ఒక అంకె ఉంటుంది, ప్లేయరులో ఒక అంకె ఉంటుంది. రెండూ కలిస్తే ఆట సాగుతుంది, కలవకపోతే ఆగిపోతుంది. గేటు దగ్గర చీటీ చూసి లోపలికి పంపే కావలివాడి వంటిదన్నమాట. చిత్రానికీ శబ్దానికీ ఇందులో ఏ సంబంధమూ లేదు. కనుకనే ఆ కావలివాడిని పక్కకు తప్పించిన ప్లేయరులో అదే డిస్కు హాయిగా ఆడుతుంది. డీవీడీ అట్ట వెనుక చిన్న భూగోళం బొమ్మ, దాని మధ్య అంకె కనపడుతుంది. అదే ఈ చీటీ. అక్కడ 0 అని గాని, ఆల్ అని గాని ఉంటే ఏ దేశంలోనైనా ఆడుతుంది.

ఇప్పుడు మన బీరువా తెరుద్దాము. అందులో బహుభాగం తెలుగు చిత్రాలే ఉంటాయి. ఆ పక్కనే మనం పుట్టి పెరిగిన ఊరి భాష చిత్రాలు, బెంగుళూరువారికి కన్నడం, మద్రాసువారికి తమిళం, బరంపురంవారికి ఒడియా, షోలాపూరువారికి మరాఠీ, అందరికీ హిందీ. ఈ డిస్కులను గురించి దిగులు పడనక్కరలేదు. మన దేశపు నిర్మాతలు ఇక్కడి ఇళ్ళకూ, అమెరికాలోను గల్ఫులోను ఉన్న మనవారికీ ఒకే ముద్రణ అమ్ముకోవాలని చూశారు. ఒక్కొక్క ఖండానికి ఒక్కొక్క ముద్రణ వేసే స్తోమతా వారికి లేదు, అవసరమూ లేదు. అందువలన భారతీయ చిత్రాల డీవీడీలు సాధారణంగా ఏ తాళమూ లేకుండానే వచ్చినవి. వీసీడీలకైతే ఈ ప్రాంతాల గొడవే తెలియదు, ఆ పద్ధతిలో అటువంటి ఏర్పాటే లేదు. 2007లో మోసర్ బేయర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టినప్పుడు మన ఇళ్ళలో డిస్కులు దొంతరలుగా పెరిగినవి. ఆ కంపెనీని 2018లో మూసివేతకు పంపించారు గాని ఆ దొంతరలు మాత్రం చాలా ఇళ్ళలో పదిలంగా ఉన్నవి. వాటిని ఆడించడానికి ప్రత్యేకమైన ప్లేయరు ఏదీ అక్కరలేదు.

మరొక సంగతి. మన బజార్లలో అమ్ముడుపోయిన చవుక డీవీడీ ప్లేయర్లలో అనేకం పేరుకు 5వ ప్రాంతానివైనా అన్ని అంకెలనూ స్వీకరించేవే. కొన్నింటికి రిమోటు మీద ఏవో నాలుగు మీటలు వరుసగా నొక్కితే చాలు, తాళం ఊడిపోతుంది. అందుచేత కేవలం డీవీడీలే ఉన్నవారు కొత్త ప్లేయరుకు డబ్బు తీసేముందు, ఇంట్లో అటక మీద ఉన్న పాత ప్లేయరును దించి, దుమ్ము దులిపి, విదేశపు డిస్కును అందులో ఒకమారు పెట్టి చూడాలి. ఖరీదైన పేరున్న ప్లేయరు తిరగగొట్టిన డిస్కును పేరులేని ప్లేయరు ఆడించడం అరుదేమీ కాదు.

ఇంతవరకు చదివినవారికి మరి చిక్కు ఎక్కడున్నదన్న సందేహం కలుగుతుంది. చిక్కంతా బ్లూరేలో ఉన్నది.

బ్లూరే డిస్కులు 2006లో వచ్చినవి. వాటికి అంకెలు మాని మూడు అక్షరాలు పెట్టారు. అమెరికా ఖండాలు, జపాను, కొరియా, ఆగ్నేయాసియా ఎ. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా, ఆస్ట్రేలియా బి. భారతదేశం, చైనా, రష్యా సి. అట్ట మీద షట్కోణం బొమ్మలో ఈ అక్షరం ఉంటుంది. డీవీడీ లెక్కలో ఇంగ్లండుతో జతకట్టిన జపాను, బ్లూరే లెక్కలో అమెరికా పక్కకు చేరింది. ఆఫ్రికా మనలను విడిచి ఐరోపాతో పోయింది, ఆ స్థానంలో చైనా వచ్చింది. డీవీడీ ప్లేయరులో రిమోటు మీటలతో సరిపోయిన చిట్కా బ్లూరేకు సాధారణంగా సాగదు. ఇక్కడ తాళం గట్టిది.

అయితే బ్లూరేలన్నిటికీ తాళం ఉన్నదనుకోవడం పొరపాటు. వార్నర్, పారామౌంట్, యూనివర్సల్ వంటి పెద్ద స్టూడియోలు తమ బ్లూరేలలో చాలావాటికి తాళం వేయనే లేదు. అంటే, ప్రపంచమంతా తెలిసిన పెద్ద హాలీవుడ్ చిత్రం ఏ దేశంలో కొన్నా మన ఇంట్లో ఆడే అవకాశం బాగానే ఉన్నది. తాళం బిగించేది ఎక్కువగా చిన్న సంస్థలు. పాత చిత్రాల హక్కులను ఒక దేశానికి మాత్రమే కొనుక్కొని, శ్రద్ధగా బాగుచేయించి, వ్యాసాలూ సంభాషణలూ జతచేసి అమ్మే సంస్థలకు ఆ దేశం బయట అమ్ముకునే హక్కు ఉండదు. తాళం వేయక వారికి గత్యంతరం లేదు. వారిని తప్పుపట్టి లాభం లేదు గాని, ఫలితం మాత్రం మనకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ఎట్లాగంటారా, రెండు ఉదాహరణలు చెబుతాము.

సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’, ‘అపరాజితో’, ‘అపూర్ సంసార్’ చిత్రాలను ఎరగని సినిమా అభిమాని మనలో ఉండడు. వాటి మూల నెగటివులు 1993లో లండన్‌లోని ఒక ల్యాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయినవి. కాలగా మిగిలిన తునకలను అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ భద్రపరిచింది. తరువాత క్రైటీరియన్ సంస్థతో కలిసి, ఇటలీలో బొలోన్యా పట్టణంలోని ల్యాబొరేటరీలో నిపుణులు వాటిని చేతులతో అతికి, మిగతా ప్రతుల నుంచి లోపాలు పూరించి, చిత్రాలను తిరిగి నిలబెట్టారు. 2015లో ఆ మూడింటినీ కలిపి క్రైటీరియన్ వారు బ్లూరే పెట్టెగా వెలువరించారు. చూసినవారు ఆ చిత్రాలు ఇంత వెలుగుతో ఉంటాయని ఎన్నడూ ఎరగమన్నారు. ఆ పెట్టె ఎ ప్రాంతానిది. బెంగాలు పల్లెలో తీసిన చిత్రం, బెంగాలులో అమ్మిన బ్లూరే ప్లేయరులో ఆడదు!

ఇంకొకటి మనకు మరింత దగ్గరిది. నాట్యాచార్యుడు ఉదయశంకర్ 1948లో ‘కల్పన’ అనే చిత్రం విడుదల చేశారు. అది తయారైంది ఎక్కడో కాదు, మన మద్రాసు జెమినీ స్టూడియోలో. మద్రాసులో పాతకాపులైన తెలుగు కుటుంబాలలో పెద్దవాళ్ళకు ఆ స్టూడియో పేరు ఇంటి చిరునామా అంత పరిచయం. ఆ చిత్రాన్ని బాగుచేసి 2012లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. 2022లో మార్టిన్ స్కోర్సీసీ వరల్డ్ సినిమా ప్రాజెక్టు నాలుగవ సంపుటంలో మరి ఐదు దేశాంతర చిత్రాలతో పాటు డిస్కుగా వచ్చింది. అదీ అమెరికా ముద్రణే. జెమినీ స్టూడియో ఉండిన చోటికి నడిచిపోగలిగినంత దూరంలో కాపురముంటున్న మనిషి ఆ డిస్కును తెప్పించుకున్నా, సి అక్షరం గల తన ప్లేయరులో ఆ బ్లూరేను చూడలేడు. ఇటువంటి చిత్రాలంటే ఆసక్తి ఉండి, వాటిని పోగుచేసే అలవాటున్నవారికి అన్ని ప్రాంతాలూ ఆడే ప్లేయరు విలాసం కాదు. అది లేకపోతే వారు పోగుచేసినది అట్టపెట్టెల వరుస మాత్రమే అవుతుంది.

మరికొందరికి కూడా అవసరం పడవచ్చు. యానాంలో ఫ్రెంచి పాలన 1954లో ముగిసినా, ఫ్రాన్సులో బంధువులున్న కుటుంబాలు ఇంకా కొన్ని ఉన్నవి. అక్కడి నుంచి వచ్చే డీవీడీ 2వ అంకెది, బ్లూరే బి అక్షరానిది. ఇళ్ళలో ఫ్రెంచి చదవగల పెద్దలు మిగిలి ఉంటే ఆ డిస్కుల విలువ వెలకట్టలేము. అట్లాగే జపానులో ‘బాహుబలి’ చిత్రాలు 2017లో హాళ్ళలో ఆడి, ఆ తరువాత డిస్కులుగా వచ్చినవి. జపానువారు వాటికి వేసే అట్టలూ, జతచేసే పుస్తకాలూ ముచ్చటగా ఉంటాయని కుర్రవాళ్ళు తెప్పించుకోవాలని చూస్తున్నారు. తెలుగు చిత్రమే గదా, ఆడకపోతుందా అని ధీమా పడరాదు. చిత్రం తెలుగుదైనా డిస్కు జపానుది. కొనేముందు అట్ట మీది అంకెనూ అక్షరాన్నీ అడిగి తెలుసుకోవాలి.

ప్రాంతం సంగతి తేలినా మరొక పేచీ ఉన్నది. దీనిని చాలామంది మరచిపోతారు. డిస్కులకు వర్తించే టెలివిజన్ పద్ధతులు రెండు. మన దేశంలోను, ఐరోపాలో చాలాచోట్ల పాల్ పద్ధతి. అమెరికాలోను, జపానులోను ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. మొదటిదానిలో సెకనుకు 25 బొమ్మలు, రెండవదానిలో దాదాపు 30. సినిమా ఫిల్ము పరుగు సెకనుకు 24. పాల్ డిస్కుకు ఎక్కించేటప్పుడు 24ను 25 చేయడానికి చిత్రాన్ని నూటికి 4 వంతులు తొందరగా నడిపిస్తారు. అందువలన 3 గంటల చిత్రం 7 నిమిషాలు ముందే ముగుస్తుంది. కథకు నష్టమేమీ లేదు గాని పాట శ్రుతి కొద్దిగా పైకి జరుగుతుంది. సంగీతజ్ఞానమున్న ఇంట్లో, ఘంటసాలవారి పాట వీసీడీలో ఒక శ్రుతిలోను, పాత రికార్డులో మరొక శ్రుతిలోను ఎందుకు వినిపిస్తున్నదని తగువు పడేవారుంటే, కారణం ఇది కావచ్చు. ఇద్దరి చెవులూ మంచివే.

ఈ పద్ధతుల భేదం వలన ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసి వస్తున్నది. అమెరికాలో ఉన్న అబ్బాయికి రాసి అక్కడి బ్లూరే ప్లేయరు ఒకటి తెప్పించుకుందామని కొందరు ఆలోచిస్తారు. అక్కడి ప్లేయర్లలో చాలా వాటికి పాల్ డిస్కులు ఆడించే శక్తి ఉండదు. అందులో మన 5వ అంకె డిస్కులూ ఆడవు. విద్యుత్తు కూడా అక్కడ 120 వోల్టులు, మనకు 230. కొన్ని ప్లేయర్లు రెండింటికీ తట్టుకుంటాయి గాని వెనుక అట్ట మీద 100 నుంచి 240 వరకు అని రాసి ఉంటేనే నమ్మాలి. లేకపోతే స్విచ్చి వేసిన మరుక్షణమే ప్లేయరు పాడు కావచ్చు. ఇంట్లో ఉన్న విదేశపు డిస్కులన్నీ ఒక్క అమెరికావే అయి, మన డిస్కులకు మరొక ప్లేయరు ఉంటే మాత్రం, వోల్టేజి చూసుకొని అక్కడి ప్లేయరును రెండవదిగా పెట్టుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. గల్ఫు నుంచి వచ్చేదానికి కరెంటు పేచీ ఉండదు, పాల్ కూడా ఆడుతుంది. కాని అది 2వ అంకెకూ బి అక్షరానికీ మాత్రమే లోబడి ఉంటుంది.

ఇక దుకాణంలో జరిగే మాటల గారడీ. మల్టీ రీజియన్ అని అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ మాట డీవీడీకి మాత్రమే వర్తిస్తుందన్నది చిన్న అక్షరాలలో ఉంటుంది, లేక ఉండనే ఉండదు. బ్లూరే ప్లేయరులో రెండు తాళాలున్నవని గుర్తుంచుకోవాలి. డీవీడీ తాళం తీసినంత మాత్రాన బ్లూరే తాళం ఊడదు. రెండూ తీసిన ప్లేయర్లు కంపెనీ నుంచి నేరుగా రావు. సోనీ, పానాసోనిక్ వంటి కంపెనీల ప్లేయర్లను కొని, లోపల మార్పులు చేసి అమ్మే వ్యాపారులు వేరే ఉన్నారు. వెల మామూలు దానికంటే చాలా ఎక్కువ. కంపెనీ ఇచ్చిన గ్యారంటీ ఆ మార్పుతో చెల్లకుండా పోతుంది. ఇంటర్నెట్టుకు తగిలించి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే చేసిన మార్పు ఒక్కొక్కసారి తుడిచిపెట్టుకుపోతుంది కూడా. అటువంటి ప్లేయరును నెట్టుకు తగిలించకుండా ఉంచడమే క్షేమం.

ఇంకొక మెలిక. అన్ని తాళాలకూ 0 అని జవాబు చెప్పే డీవీడీ ప్లేయర్లు బజారులో పెరిగేసరికి, 2000 సంవత్సరంలో కొన్ని హాలీవుడ్ కంపెనీలు డిస్కే ప్లేయరును ఎదురు ప్రశ్న అడిగే ఏర్పాటు చేసినవి. 0 అని చెప్పే ప్లేయరును అటువంటి డిస్కు తిరగగొడుతుంది. అందుచేత, మనం స్వయంగా 1 అనో 2 అనో, ఎ అనో బి అనో రిమోటుతో ఎంచుకోగల ప్లేయరే మేలు.

కంప్యూటరులో చూసుకోవచ్చు గదా అనేవారున్నారు. చూసుకోవచ్చు. కంప్యూటరు డీవీడీ డ్రైవులలో ప్రాంతం అంకెను 5 సార్లు మాత్రమే మార్చనిస్తారు, ఆ తరువాత చివరి అంకె మీదనే బిగుసుకుపోతుంది. వీఎల్‌సీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు చాలా డ్రైవులలో ఆ అంకెను లెక్కచేయకుండా ఆడిస్తుంది. బ్లూరేకు అంత సులువు కాదు. ఎట్లా చూసినా నలుగురు కూర్చుని చూడవలసిన సినిమాను బల్ల మీది కంప్యూటరు ముందు మెడలు చాచి చూడడం మాకు రుచించదు. ఇది మా చాదస్తమని కుర్రవాళ్ళు అనవచ్చు.

చట్టం అడ్డు వస్తుందా అని భయపడేవారికి ఒక్క మాట. మన కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఎ నిబంధన, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళాలు ఛేదించడాన్ని నేరమంటున్నది. డబ్బు పెట్టి కొన్న అసలు డిస్కును ఇంట్లో కూర్చుని చూసుకోవడం వేరు, తాళం తీసి ప్రతులు తీసి అమ్ముకోవడం వేరు. న్యూజిలాండువారైతే 2008లో తమ చట్టాన్ని సవరించినప్పుడు, కేవలం దేశాల వారీగా బజారును విడదీయడానికి పెట్టిన తాళానికి చట్టరక్షణ వర్తించదని స్పష్టంగానే రాసుకున్నారు. మాకు ఆ పద్ధతి న్యాయంగా తోస్తున్నది.

2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ డిస్కుల విషయంలో కంపెనీలకే బుద్ధి వచ్చిందనాలి. వాటికి ప్రాంతాల విభజన పెట్టలేదు. పెద్ద చిత్రాలు ప్రపంచమంతటా ఇంచుమించు ఒకే వారంలో విడుదలవుతున్న రోజులలో పాత కారణం ఎట్లాగూ నిలవదు. కాని ఆ పెట్టెలో అల్ట్రా హెచ్‌డీ డిస్కుతో పాటు మామూలు బ్లూరే కూడా పెడుతూ ఉంటారు. సంభాషణలూ, తయారీ విశేషాలూ ఎక్కువగా ఆ రెండవదానిలోనే ఉంటాయి. దానికి మాత్రం ఎ అనో బి అనో పాత తాళం ఉండవచ్చు.

జాగు చేయరాదని ముందు అన్నాము, అందుకు కారణం ఇది. ఓప్పో కంపెనీ 2018లో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నది. 2019లో శాంసంగ్ తప్పుకున్నది. 2024లో ఎల్‌జీ కూడా ఆ దారినే పోయింది. మార్పులు చేసి అమ్మే వ్యాపారులకు కావలసిన మూల ప్లేయరు దొరకడమే కష్టమవుతున్నది. ఓటీటీలున్నవి గదా అంటే, అక్కడ ఈ నెల కనిపించిన చిత్రం వచ్చే నెల ఉంటుందన్న పూచీ లేదు. హక్కుల గడువు తీరితే తీసివేస్తారు. బీరువాలోని డిస్కును ఎవరూ తీసివేయలేరు. కాని ఆడించే ప్లేయరు లేకపోతే ఆ డిస్కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నిజంగా అవసరమున్నవారు ఇది గమనించాలి.

ఈ సందర్భంలో మాకు తోచిన ఒక సూచన సంఘాల కార్యవర్గాల ముందు పెడుతున్నాము. ఊరికి నాలుగైదు ఇళ్ళలోనే అవసరమయ్యే ప్లేయరును నాలుగైదు ఇళ్ళూ విడివిడిగా కొనడం కంటే, సంఘ గ్రంథాలయం ఒకటి కొని, సభ్యులకు వారానికింత అని పుస్తకంలో రాసుకొని ఇంటికి అరువిస్తే బాగుంటుంది. హార్మోనియం, పెళ్ళి పందిట్లోకి గంగాళాలు అట్లా అరువిచ్చిన సంఘాలు మనకు కొత్త కాదు. సంఘ భవనంలో అందరినీ పిలిచి ప్రదర్శించాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి వేరే తీసుకోవాలి. డిస్కుల మీద రాసి ఉండే గృహవినియోగం అన్న మాటకు అర్థం అదే.

కొనదలచినవారు ముందుగా తమ డిస్కులన్నీ తీసి, అట్టల వెనుక ఉన్న అంకెనూ అక్షరాన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. అన్నీ 0, ఆల్, 5, సి అని తేలితే ఆ కాగితం మడిచి పెట్టి, డబ్బు మరొక పనికి వాడుకోవచ్చు. ఎ, బి అక్షరాల బ్లూరేలు రెండు మూడు మాత్రమే తేలితే, వాటిని తెచ్చిన అల్లుడి చేతికే ఇచ్చి వచ్చేసారి మనకు ఆడే ముద్రణ ఉంటే తెమ్మని చెప్పడం చవుక. పది పన్నెండుకు మించి ఉండి, ఇంకా తెప్పించుకోవాలన్న కోరిక కూడా ఉంటే అప్పుడు దుకాణానికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు అమెరికా బ్లూరే ఒకటి, ఐరోపా బ్లూరే ఒకటి, 1వ అంకె డీవీడీ ఒకటి, ఐరోపా నుంచి వచ్చిన పాల్ డీవీడీ ఒకటి వెంట తీసుకుపోవాలి. ఒక్కొక్కటి మొదటి బొమ్మ రాగానే చాలనకుండా, చిత్రం మధ్యకు వెళ్ళి పది నిమిషాలు ఆడించమనాలి. పాత్రల పెదవులూ మాటలూ కలుస్తున్నవో లేదో, అడ్డంగా కెమెరా తిరిగే దృశ్యంలో బొమ్మ కుదుపులు పడుతున్నదో లేదో చూడాలి. నాలుగూ ఆడిన తరువాతనే, ఎ, బి, సి బ్లూరేలూ అన్ని అంకెల డీవీడీలూ ఆడునని బిల్లు మీద దుకాణదారు చేత రాయించుకొని డబ్బు చెల్లించాలి.